కుర్చీతో నేర్చుకున్న కౌగిలి

మా ఆయన వంటింట్లోకి వచ్చే ముందు ఒకసారి దగ్గుతాడు. జలుబేమీ ఉండదు. వెనకనుంచి చడీచప్పుడు లేకుండా వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే నా చేతిలో ఏముంటే అది కింద పడుతుందని, ఒకరోజు పప్పుగిన్నె నేలపాలయ్యాక ఆయనకు తెలిసింది. ఎందుకని అడగలేదు. మిర్యాలగూడలో రైస్ మిల్లులో పని ఆయనది. ఏ మిషన్ దగ్గర ఎలా మసలుకోవాలో చూసి నేర్చుకుంటాడే తప్ప, మిషన్‌ను నిలబెట్టి ప్రశ్నలు వెయ్యడు. నేనూ చెప్పలేదు. చెప్పడానికి నా దగ్గర ఉన్నదేమిటి? నిండిన హాలు ముందు, వెలుగుతున్న లైట్ల కింద, నాకు మొగుడి వేషం వేసిన పెద్దమనిషి నన్ను కౌగిలించుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. దానికి నాకు ఉత్తమ నటి షీల్డు ఇచ్చారు. ఇది ఎవరి చెవిలో వేసినా ఫిర్యాదులా వినపడుతుందా?

నేను నాటకాల ఇంట్లో పుట్టినదాన్ని కాదు. మాడుగులపల్లి దగ్గర మా ఊరి చర్చిలో ప్రతి క్రిస్మస్‌కూ మరియమ్మ వేషం వేసేదాన్ని. యోసేపు వేషం పాస్టరుగారి అబ్బాయిది. పాస్టరుగారు ముందు వరసలో కూర్చునేవారు కాబట్టి యోసేపు నాకు ఆమడ దూరంలో నిలబడి, పశువుల పాకకు దారి చూపించేవాడు. పెళ్లయి మిర్యాలగూడ వచ్చాక ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పాను. ఆ స్కూల్ వార్షికోత్సవంలో పిల్లలచేత నాటిక వేయిస్తూ, రాని పిల్ల డైలాగులు నేనే చెప్తుంటే సూర్యాపేట నుంచి అతిథిగా వచ్చిన ఒక రిటైర్డు మాస్టారు విన్నారు. ఆయనకు నాటక సమాజం ఉంది. అలా వేషాల్లోకి దిగాను.

మా వైపు సమాజాల పద్ధతి ఒకటి చెప్పాలి. పరిషత్తు పోటీలకు నాటిక వేసేది ఎక్కువగా ఉద్యోగస్తులైన మగవాళ్లు. డ్యూటీలు దిగాక ఏదో స్కూలు గదిలో నెలల తరబడి రిహార్సల్ చేస్తారు. ఆడ వేషానికి మాత్రం బయటి ఊరినుంచి ఒకామె వస్తుంది. ఆమెకు ఇల్లూ పిల్లలూ ఉంటారని, రోజూ రమ్మనడం బాగుండదని, డైలాగులు ఫోన్లో పంపించి ఆఖరి రోజుకు పిలుస్తారు. మర్యాద కోసమే ఆ పద్ధతి. అప్పటిదాకా ఆమె ఉండాల్సిన చోట ఒక ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు. ప్రేమ అయినా కోపమైనా హీరో ఆ కుర్చీకే చూపించాలి. కుర్చీ వీపు పట్టుకుని ఊపుతాడు, కుర్చీ చేతుల మీద తల పెట్టి ఏడుస్తాడు. కుర్చీ వద్దనదు. గింజుకోదు. నెలల తరబడి అలా అలవాటైన చేతుల్లోకి ఆఖరి రోజున ఒక ఆడమనిషి వచ్చి నిలబడుతుంది.

నాకు మొగుడిగా వేసినాయన్ను అందరూ సార్ అనేవాళ్లు. నేనూ అంతే. నన్ను "అమ్మా" అని పిలిచేవాడు. రిహార్సల్ అయ్యాక ఆటో మాట్లాడి, నేను బస్సెక్కానో లేదో ఫోన్ చేసి కనుక్కునేవాడు. ఒక్క వంకర మాట మాట్లాడి ఎరగడు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, అతను దుర్మార్గుడైతే నాకు ఎంతో సులువుగా ఉండేది.

నాటికలో అనుమానంతో పెళ్లాన్ని వెళ్లగొట్టిన మొగుడు, చివరికి ఆమెను బస్టాండులో కలిసి క్షమించమంటాడు. కాగితం మీద రాసింది, ఆమె రెండు చేతులూ పట్టుకుని మోకాళ్ల మీద కూలబడతాడని. ఆఖరి రోజు రిహార్సల్‌లోనూ అంతే చేశాడు. కోదాడలో స్టేజి మీద మాత్రం మోకాళ్ల మీద పడలేదు. నన్ను లాక్కుని, మొహం నా మెడలో పెట్టి, ఒక పేజీ డైలాగు అలాగే చెప్పాడు. వక్కపొడి వాసన. మెడ మీద తడి. నేను తోశాను. నిజంగానే తోశాను. మొగుడి మీద కోపంతో పెళ్లాం తోస్తున్నదనుకుని జనం ఊగిపోయారు. నేను తోసినకొద్దీ అతని చేతులు బిగిశాయి. అవి కుర్చీ వీపును పట్టుకోవడం నేర్చుకున్న చేతులు. నా ఒళ్లు వణకడం మొదలైంది, తెర పడ్డాక కూడా ఆగలేదు.

"ఫ్లోల అట్ల వచ్చేసిందమ్మా" అన్నాడు మేకప్ తుడుచుకుంటూ. "సీను పండింది గదా!"

పండింది. అందుకే ఆ తర్వాత ప్రతి ఆటలోనూ అదే పంట. ఒకసారి చప్పట్లు పడ్డ పని మా సమాజాల్లో రాజ్యాంగం అయిపోతుంది. నేను మాస్టారితో, అంటే మా డైరెక్టరుతో, ఆ ముక్క తీసేద్దాం అని అడిగాను. ఆయన నవ్వి, "పిచ్చిదానా, గా వణుకే మనకు ప్రైజు తెచ్చింది. దాన్ని పోగొట్టుకుంటవా?" అన్నారు. మా అమ్మకు సగం చెప్పాను. ఆకు వచ్చి ముల్లు మీద పడ్డా, ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా ఆకుకే నష్టం బిడ్డా, ఊకో అంది. ఆ సామెత కనిపెట్టినవాడెవడో దొరికితే ముల్లుతోనే మాట్లాడించేదాన్ని. మరికొన్ని ఆటలు ఆడి, మోకాళ్ల నొప్పులని చెప్పి మానేశాను.

మానేస్తే పోయేదైతే బాగుండును. ఎవరో ఆ సీను ఫోన్లో తీసి యూట్యూబ్‌లో పెట్టారు. ఇప్పటికీ ఏడాదికోసారి ఎవరో ఒకరు "మేడం, ఇది మీరే గదా" అని నాకు పంపిస్తారు. అందులో అతని మొహం కనపడదు. నా మొహమే కనపడుతుంది. కింద జనం రాసిన మాటలు ఉంటాయి. నటించలేదు, జీవించింది అని. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆ కాసేపూ నేను నటించనూ లేదు, జీవించనూ లేదు. ఎప్పుడు అయిపోతుందా అని చూస్తూ ఉన్నాను, అంతే. ఒకసారి సూర్యాపేట నుంచి కోదాడ పోతుంటే బస్సులో పక్కసీటాయన వక్కపొడి పొట్లం చింపాడు. నేను లేచి మునగాలలో దిగిపోయాను. "కోదాడ టికెట్ తీస్కొని గీడనే దిగుతున్నవేందమ్మా?" అని కండక్టరమ్మ అరుస్తూనే ఉంది. హైవే పక్క ధాబా ముందు బెంచీ మీద కూర్చుని, వరిపొలాల వైపు మొహం తిప్పుకుని, తర్వాతి బస్సు వచ్చేదాకా ఊపిరి పీల్చుకున్నాను. అక్కడ కూర్చుని మళ్లీ ఆ సీనే ఆడుకున్నాను. నా తలలో అది ఎన్నిసార్లు ఆడిందో దేవుడికే తెలియాలి. ఆడిన ప్రతిసారీ ఒకటి మార్చేదాన్ని. ఇక్కడ చెయ్యి ఇంత కింద ఉంటే? మొహం అటు తిప్పి ఉంటే? నేను వద్దన్నట్టు అతనికి తెలిసే గుర్తు ఏదైనా ముందే అనుకుని ఉంటే?

పోయిన ఏడాది ఆ సార్ చనిపోయాడు. గుండెపోటు. కబురు విని ఏడ్చాను, ఎందుకో నాకే తెలియలేదు. తెలిసి చేశాడా, తెలియక చేశాడా అని అడగడానికి ఇక మనిషి లేడు. ఆ ప్రశ్న మాత్రం అతనితో పోలేదు. నాతోపాటు వంటింట్లో, బస్సుల్లో తిరుగుతూనే ఉంది.

ఈ ఏడు మాస్టారు ఫోన్ చేశారు.

"సారు పోయి ఏడాదైతున్నదమ్మా. ఆయన యాదిల అదే నాటిక మళ్ల ఆడుతున్నం, మొదటి ఆట కోదాడల. నువ్వు రావాలె."

"నేను ఇడిసిపెట్టిన గదా సార్."

"వేషం వెయ్యమంటలేను. పిల్ల దొరికింది, కోదాడ పిల్ల. ఫోన్ల డైలాగు మంచిగ చెప్తున్నది. గని గా వణుకు వస్తలేదు. నువ్వొచ్చి జర నేర్పియ్యి."

నా వణుకు వంట లాంటిదనుకున్నారు కాబోలు, ఇంత ఉప్పు ఇంత కారం అని చెప్పడానికి. కుదరదని చెప్పబోతున్నాను. ఇంతలో ఆయనే అన్నారు: "పిలగాడు మాత్రం కుర్చీతోని మస్తు ప్రాక్టీసు చేస్తున్నడు. పిల్ల ఆఖరి రోజు వస్తది."

వస్తానని చెప్పాను. నేను వచ్చే రోజునుంచే పిల్లను కూడా పిలిపిస్తేనే వస్తానన్నాను.

సూర్యాపేటలో రిహార్సల్ గదిలో బల్ల మీద సార్ ఫోటో, దండ వేసి ఉంది. నేను దానికి వీపు పెట్టి కూర్చున్నాను. చాలాసేపు మెడ వెనక చల్లగా ఉంది. కుర్రాడు మార్కెట్ యార్డులో పనిచేస్తాడట, కొత్తగా పెళ్లయింది. పిల్ల కోదాడలో కంప్యూటర్ సెంటర్లో నేర్పిస్తుందట. వచ్చిన కాసేపటికే నా పక్కన చేరి నెమ్మదిగా అడిగింది.

"అక్కా, మీ వీడియో చూశానండి. ఒకటి అడగనా? ఆ చోట మీరు నటించట్లేదు కదా? మీ చెయ్యి ఆయన్ని తోస్తానే ఉంది."

ఇన్నేళ్లలో ఆ చెయ్యిని చూసిన మొదటి మనిషి ఆమె. తల ఊపాను. ఆమె మొహం పాలిపోయింది. "నాకు ఈ వేషం కావాలక్కా. కానీ అది మాత్రం నావల్ల కాదు" అంది.

ఆ మాటతో నాకు పని దొరికింది. ముందు గదిలోంచి కుర్చీ తీయించాను. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, డైలాగు లేకుండా, ఏడుపు లేకుండా, వట్టి మాటలతో ఆ సీను మొత్తం చెప్పించాను. చెయ్యి ఎక్కడ వేస్తాడు, ఎప్పుడు తీస్తాడు. భుజాలు పర్వాలేదని, మెడా జుట్టూ వద్దని ఆ పిల్లే చెప్పింది. మొహం ఆమె భుజం అవతలకు, జనం వైపు తిప్పాలన్నాను. అప్పుడు అతని డైలాగు ఆఖరి వరసకు కూడా వినపడుతుంది, ఆమె మెడకు ఊపిరి తగలదు. ఇద్దరి మధ్య ఆమె చేతిసంచి ఉంటుంది. చూసేవాళ్లకు కౌగిలి కనపడాలి, ఆమెకు కౌగిలి కాకూడదు. ఇవన్నీ నాకు ఎవరూ నేర్పలేదు. నా తలలో ఆ సీను తిరిగినప్పుడల్లా నేను మార్చుకున్నవే. ఒక్కొక్కటి బయటికి చెప్తుంటే, లోపల ఎన్నాళ్లనుంచో ఇరుక్కున్న ముళ్లు తీస్తున్నట్టు ఉంది.

మాస్టారికి విసుగొచ్చింది. "ఇది నాటకమా, డ్రిల్లు పీరియడా? గిట్ల లెక్కలేసుకుంటే ఫీల్ ఎట్లొస్తది?"

"మొన్న మీ నాటికల కర్రలతోని కొట్టుకునే సీను ఉండె గదా సార్. ఏ దెబ్బ యాడ ఆగాలెనో ఎన్ని దినాలు చూసుకున్నరు? గాడ ఫ్లో ఎందుకు రాలే? ఒక్క తలన్నా పగలాలె గదా!"

కుర్రాడు పక్కున నవ్వాడు. మాస్టారు నవ్వలేదు కానీ కూర్చున్నారు. సినిమాల్లో ఇప్పుడు ఇలాంటి సీన్లు చూసుకోవడానికే ఒక మనిషిని పెడుతున్నారని, ఇంటిమసీ కోఆర్డినేటర్ అంటారని పిల్ల చెప్పింది. "మనకు గంత బడ్జెట్ లేదు బిడ్డా, అక్క ఉన్నది సాలు" అన్నారాయన. ఒప్పుకున్నట్టో, వెక్కిరించినట్టో తెలియలేదు.

చివరగా ఒక గుర్తు పెట్టుకున్నాం. ఆమె అతని ముంజేతి మీద రెండుసార్లు తడితే వదిలెయ్యాలి. కారణం అడగకూడదు.

"సీను మధ్యల అయినా అక్కా?" అన్నాడు కుర్రాడు.

"సీను మధ్యలనే తమ్మీ. సీను అయినంక నువ్వు వదిలితే ఎంత, వదలకుంటే ఎంత?"

అతను కాసేపు చేతులు చూసుకున్నాడు. "నిజం చెప్పాల్నంటే నాకు గూడ ఇదే మంచిగుంది. ఎంతమటుకు పట్టుకోవాల్నో తెల్వక, కుర్చీని పట్టుకున్నా చెమటలు పడుతుండె" అన్నాడు.

ఆ మాట విని నాకు అతని మీద జాలేసింది. వెంటనే ఫోటోలో ఉన్నాయన గుర్తొచ్చాడు. ఆయనకూ చెమటలు పట్టేవా? ఎవరైనా ఇలా కూర్చోబెట్టి చెప్పి ఉంటే వినేవాడా? వెనక్కి తిరిగి చూశాను. దండలోంచి అదే మర్యాదైన నవ్వు. నాకు కోపం వచ్చింది, ఇంకోవైపు ఏడుపు వచ్చింది. రెండూ మింగి, మళ్లీ మొదటినుంచి చేయించాను.

అక్కడినుంచి రిహార్సల్ ఉన్న ప్రతిరోజూ తలుపులు తీసే ఉంచాం. నేను లేనిదే ఆ సీను చెయ్యలేదు. గదిలో అనుకోనిది స్టేజి మీద కలపకూడదని ఇద్దరూ మాటిచ్చారు. సీను అయిపోగానే దూరం జరిగి, మంచినీళ్లు తాగి, "అన్నా", "చెల్లె" అని పిలుచుకునేవాళ్లు. ఆ పిలుపులు నేను పెట్టినవి కావు, వాళ్లే మొదలుపెట్టారు. గుర్తు కూడా ప్రాక్టీసు చేశాం, ఆమె తట్టడం, అతను వదలడం. అయినా నా మనసు ఒప్పలేదు. గదిలో అందరూ బుద్ధిమంతులే. నాతో వేసినాయన కూడా ఆఖరి రోజు గదిలో బుద్ధిగానే మోకాళ్ల మీద పడ్డాడు కదా. లైట్లు పడి, చప్పట్లు వినపడి, ఒళ్లు వేడెక్కాక ఏ చెయ్యి ఏం చేస్తుందో ఎవరు చెప్పగలరు? ఆ భయం రోజురోజుకూ పెరిగింది. రాత్రి నిద్ర పట్టేది కాదు. నేను చెప్పిన మాటలన్నీ నమ్మి ఆ పిల్ల స్టేజి ఎక్కి, అక్కడ అతను వదలకపోతే? అప్పుడు ఆమెను నేనే ఆశ పెట్టి అతనికి అప్పజెప్పినట్టు అవుతుంది.

కోదాడలో ఆట రోజు సాయంత్రం హాలు నిండింది. స్టేజి పక్కన సార్ ఫోటోకు కొత్త దండ. తెర తీసేముందు ఇద్దర్నీ పక్కకు తీసుకెళ్లి ఆ సీను ఒకసారి నెమ్మదిగా నడిపించాను. ఆ తర్వాత స్టేజి వారగా నిలబడ్డాను. పక్కన మాస్టారు ఉన్నారు. నాటిక బాగా నడుస్తోంది. బస్టాండు సీను వచ్చింది.

అతను అనుకున్నట్టే నడిచాడు. అనుకున్నట్టే చేతులు భుజాల మీద వేసి, మొహం జనం వైపు తిప్పి డైలాగు ఎత్తుకున్నాడు. గొంతు బాగా పలికింది. చప్పట్లు మొదలయ్యాయి. ఇక్కడే, సరిగ్గా ఇలాంటి చప్పట్లలోనే, అప్పుడు సార్ చేతులు నా చుట్టూ బిగిశాయి. డైలాగు ఇంకా సగం ఉంది. పిల్ల చెయ్యి కదిలింది. అతని ముంజేతి మీద రెండుసార్లు తట్టింది.

వదిలేశాడు.

వాక్యం మధ్యలో, మాట నోట్లో ఉండగానే, రెండు చేతులూ తీసేసి ఒక అడుగు వెనక్కి వేశాడు. డైలాగు మర్చిపోయాడు. ఎవరిదో ఫోన్ మోగింది. "ఖతం, సీను ఖతం" అని మాస్టారు తల పట్టుకున్నారు. లోపలనుంచి డైలాగు అందించేవాడు గట్టిగా అరిస్తే అది ముందు వరసకు కూడా వినపడింది, ఎవరో నవ్వారు. కుర్రాడు ఖాళీ చేతులతో నిలబడి ఆమె వంక చూస్తున్నాడు. ఆమె కాసేపు అతన్ని చూసి, తన డైలాగు తను చెప్పింది. మిగతాది ఎలాగో లాక్కొచ్చారు. తెర పడ్డప్పుడు కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు లేచి చెప్పులు వెతుక్కున్నారు.

నేను మేకప్ గదికి పరుగెత్తాను. పిల్ల నీళ్లు తాగుతోంది. కుర్రాడు గుమ్మం దగ్గర బెదిరిపోయి నిలబడ్డాడు. "చెల్లె, నేనేమన్న తప్పు పట్టుకున్ననా?" అని అడుగుతున్నాడు.

"లేదన్నా. నువ్వు కరెక్టుగానే చేశావు" అంది. నన్ను చూసి తల దించుకుంది. "అక్కా, ఏం కాలేదండి. నాకేం ఇబ్బంది లేదు. రిహార్సల్‌లో వదులుతాడు సరే, ఇంతమంది చప్పట్లు కొడతా ఉంటే కూడా వదులుతాడా అనిపించింది. అది తెలియకపోతే నేను మిగతా ఆటలు ఆడలేననిపించింది. అందుకే తట్టాను. సీను పాడుచేశాను కదా?"

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. మేకప్ గదిలో, జనం తిరుగుతుండగా, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నేనెందుకు ఏడుస్తున్నానో ఆ కుర్రాడికి తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. పిల్లకు కొంచెం తెలుసు. వచ్చి నా ఎదురుగా కూర్చుంది. నన్ను ముట్టుకోబోయి, ఆగి, "పట్టుకోనా అక్కా?" అని అడిగింది.

తల ఊపాను. నా చేతులు పట్టుకుంది.

"వదిలిండా?" అన్నాను.

"వదిలాడక్కా. తట్టగానే వదిలాడు."

"మళ్లొకసారి చెప్పు" అన్నాను.